కీళ్లవాతానికి ఏ మందు? నొప్పిని ఆపేదా, కీలును నిలిపేదా

కర్నూలు వన్‌టౌన్‌లో మందుల షాపు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. చీటీ కౌంటరు మీద పెట్టి నన్ను ఎక్కువమంది అడిగే మాట ఒకటే: "అన్నా, వీటిల్లో పవరు ఎక్కువుండేది ఏది?" జ్వరానికైనా, నడుము నొప్పికైనా ఇదే మాట. కీళ్లవాతం విషయంలో మాత్రం ఈ మాట మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. రెండు రోజుల్లో నొప్పి ఎగరగొట్టే మాత్ర కీలును కాపాడకపోవచ్చు. నెలయినా ఏమీ తెలియని మాత్ర లోపల ఎముక కోసుకుపోకుండా ఆపుతూ ఉండవచ్చు. నొప్పి తగ్గడం వేరు, కీలు నిలవడం వేరు. మనం డబ్బు పెడుతున్నది ఈ రెంటిలో దేనికో తెలిస్తే మిగతా ఎంపిక చాలావరకు సులువవుతుంది.

ఈ తేడా నేను చదువుకున్నదే. అయినా మనసుకు పట్టింది మా వదిన చేతులు చూశాకే. ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇల్లు వాళ్లది. పొద్దున లేస్తే పిడికిలి మూతపడేది కాదు, ఎండ ఎక్కేదాకా వేళ్లు కదిలేవి కావు. జొన్నరొట్టె తట్టాలంటే మణికట్టు ఆనేది కాదు. ఎవరో చెప్పారని ఒకాయన దగ్గర పొట్లాల్లో పొడి తెచ్చుకుంది. మూడో రోజుకే లేచి మగ్గం ఎక్కింది. ఏడాదిన్నర ఆ పొడి మింగింది. ముఖం ఉబ్బింది, షుగరు వచ్చింది, పొడి ఒక్కరోజు మానితే మంచం దిగలేని స్థితి వచ్చింది. చివరికి ఎక్స్‌రే తీయిస్తే కుడిచేతి రెండు వేళ్ల మొదట్లో ఎముక అంచులు కొరికేసినట్టు కనిపించాయి. ఆ ఏడాదిన్నరా నొప్పి లేదు, కానీ కీలు పోతూనే ఉంది.

కీలు లోపల జరిగేది

రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని డాక్టర్లు రాసే కీళ్లవాతం అరుగుదల జబ్బు కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే కీలు మీద పడతాయి. ప్రతి కీలు చుట్టూ ఒక సంచి, దాని లోపల సైనోవియం అనే సన్నటి పొర ఉంటాయి. మామూలుగా ఆ పొర ఒకటి రెండు కణాల మందమే. కీలుకు నూనె లాంటి ద్రవాన్ని అందించడం దాని పని. ఈ జబ్బులో రక్తంలోంచి రక్షణ కణాలు వచ్చి ఆ పొరలో మకాం వేస్తాయి. పొర మందమవుతుంది, దానికి కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, చివరికి అది కండలా పెరిగి, ఎముక చివర కప్పులా ఉండే మృదులాస్థి మీదికి పాకుతుంది. వేలు మొదట్లో నొక్కితే మెత్తగా, వెచ్చగా తగిలే వాపు ఇదే.

ఈ కణాలన్నీ ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్లు మోసే ప్రోటీన్ల పేరు సైటోకైన్లు. ముఖ్యమైనవి మూడు: టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6. టీఎన్‌ఎఫ్ వచ్చి రక్తనాళాల గోడలకు చెబితే అవి దారి వదిలి ఇంకా కణాలను లోపలికి రానిస్తాయి. పొరలో ఉండే ఫైబ్రోబ్లాస్టులనే కణాలకు చెబితే అవి మృదులాస్థిని కరిగించే ఎంజైములు వదులుతాయి. మృదులాస్థికి సొంత రక్తప్రసారం లేదు, కాబట్టి పోయింది మళ్లీ సరిగా పెరగదు. ఎముకకు వెళ్లే కబురు ఇంకొకటి. ర్యాంక్-ఎల్ అనే సంకేతం అందితే ఎముకను తినే ఆస్టియోక్లాస్టులనే కణాలు తయారవుతాయి. మృదులాస్థి కప్పు అయిపోయి ఎముక బయటపడే అంచు దగ్గర అవి పని మొదలుపెడతాయి. ఏటి ఒడ్డు మట్టి అడుగునుంచి కోసుకుపోయినట్టు ఎముక అంచు పోతుంది. వదిన ఎక్స్‌రేలో కనిపించినవి ఆ గుంటలే.

ఇంటర్‌ల్యూకిన్-6 కీలు దగ్గరే ఆగదు. అది కాలేయానికి చేరితే కాలేయం సీఆర్‌పీ, ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్లను ఎక్కువగా తయారుచేస్తుంది. అందుకే మన రక్తపరీక్షలో వాపును చూపే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ అంకెలు పెరుగుతాయి. అదే సంకేతం ఇనుమును ఒంట్లోనే బంధించి రక్తహీనత తెస్తుంది. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా హిమోగ్లోబిన్ పెరగని కీళ్లవాతం రోగులు మా షాపుకు చాలామంది వస్తారు. వాళ్లలో చాలామందికి లోపం ఇనుములో లేదు, ఆరని వాపులో ఉంది. తెల్లవారుజామున ఈ సంకేతం మోతాదు రక్తంలో ఎక్కువగా ఉంటుంది. పొద్దున గంటకు పైగా కీళ్లు బిగుసుకుపోవడం వెనక ఇదీ ఒక కారణం. ఒళ్లంతా నీరసం, ఎప్పుడూ జ్వరం వచ్చినట్టుండడం కూడా ఈ కబుర్ల పనే. ఇంట్లో వాళ్లు "బద్ధకం" అంటుంటే విని ఊరుకునే ఆడవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఈ జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడింతలు ఎక్కువ.

కాబట్టి ఏ మందును చూసినా నేను ముందు అడిగేది ఇది: ఈ మందు ఆ కబుర్ల దారిలో ఎక్కడ అడ్డుపడుతుంది?

ముందు జబ్బు ఇదేనా?

మన సీమలో కీళ్ల నొప్పికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, వాటికి ఈ మందులు పనికిరావు. అనంతపురం వైపు ఫ్లోరైడు నీళ్లు తాగిన ఊళ్లలో ఫ్లోరోసిస్ వస్తుంది. అందులో మెడ, వెన్నెముక బిగుసుకుంటాయి, ఎక్స్‌రేలో ఎముక మరీ తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి చేతి కీళ్లు వాయడం 2006లో ప్రతి వీధిలో చూశాం. అది అచ్చం కీళ్లవాతంలా ఉంటుంది కానీ చాలామందికి మెల్లగా తగ్గిపోతుంది. మోకాళ్ల అరుగుదలలో పొద్దున బిగుసుకోవడం అరగంటలోపే వదులుతుంది, నడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది. కీళ్లవాతంలో దీనికి తలకిందులు, కదిలేకొద్దీ కాస్త సడలుతుంది. వేళ్ల మొదలు, నడిమి కణుపు, మణికట్టు, పాదం ముందు భాగం రెండు వైపులా వాస్తాయి. వేలి చివరి కణుపు దాదాపు వాయదు.

పరీక్షల్లో యాంటీ-సీసీపీ అనే రక్తపరీక్ష పాజిటివ్ వస్తే నమ్మకం ఎక్కువ. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఒక్కటే పాజిటివ్ వస్తే తొందరపడొద్దు, జబ్బు లేని పెద్దవాళ్లలోనూ వస్తుంది. రెండూ నెగటివ్ వచ్చినా జబ్బు ఉండవచ్చు. ల్యాబువాళ్లు కీళ్ల ప్యాకేజీ అని ఏఎస్‌ఓ, యూరిక్ యాసిడ్ కలిపి చేస్తారు. ఏఎస్‌ఓ పెద్దవాళ్ల కీళ్లవాతాన్ని తేల్చడానికి పనికిరాదు, యూరిక్ యాసిడ్ గౌట్ అనే వేరే కీళ్ల జబ్బు సంగతి. వాటికి పెట్టే డబ్బు యాంటీ-సీసీపీకి పెట్టండి.

నొప్పి మాత్ర, స్టెరాయిడ్, పొడి

డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతాయి. అవి నొప్పికి, వాపుకు చివరి మెట్టు మీద ఉండే పదార్థాలు. పైన టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 కబుర్లు మామూలుగానే నడుస్తుంటాయి, ఎముక పోతూనే ఉంటుంది. కీలును కాపాడే అసలు మందు పనిచేయడం మొదలయ్యేదాకా వీటిని వాడుకోవచ్చు. ఏళ్ల తరబడి రోజూ మింగితే కడుపులో పుండు, కిడ్నీ దెబ్బ, బీపీ. వీటి మీద ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

స్టెరాయిడ్ సంగతి వేరు. అది దాదాపు అన్ని కబుర్లనూ ఒకేసారి అణుస్తుంది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచాన పడిన ఒకామెకు కార్టిసోన్ ఇస్తే కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే పెద్ద మోతాదుల నష్టం బయటపడింది: ఎముకలు బోలుపడటం, షుగరు, బీపీ, కంట్లో శుక్లం, ఇన్‌ఫెక్షన్లు. పైగా బయటినుంచి వస్తోంది కదా అని ఒంట్లో అడ్రినల్ గ్రంథి సొంత హార్మోను తయారుచేయడం మానేస్తుంది. అందుకే హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఇప్పటి పద్ధతి ఏమిటంటే అసలు మందు పట్టుకునేదాకా ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌ను తక్కువ మోతాదులో వంతెనలా వాడి, వీలైతే మూడు నెలల్లోపు మెల్లగా తగ్గించి తీసేయడం. అలా రాసిన చీటీని నేను నమ్మకంగా ఇస్తాను. మూడేళ్ల కిందటి చీటీ పట్టుకొని "అదే మాత్ర ఇయ్యి" అంటే ఇవ్వను.

పొట్లం పొడుల గురించి ఒక్క గుర్తు చెబుతాను. రెండు మూడు రోజుల్లో నొప్పి మాయమై, ఆకలి విపరీతంగా పెరిగి, నెల తిరిగేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బి, మానిన రోజే నొప్పి రెట్టింపైతే అందులో స్టెరాయిడ్ కలిసిందని గట్టిగా అనుమానించాలి. ఆకు పసరో, వేరు పొడో అంత వేగంగా పనిచేయదు. అయినా అలాంటి పొడిని మీకై మీరు ఆపేయకండి. డాక్టరుకు ఆ పొట్లమే తీసుకెళ్లి చూపించండి. దాచడం వల్లే మా ఇంట్లో ఏడాదిన్నర పోయింది.

మెథోట్రెక్సేట్: దాదాపు అందరికీ ఇదే మొదలు

నన్నడిగితే కీళ్లవాతంలో మొదటి ఎంపికకు పోటీ లేదు. కాలేయం, కిడ్నీ బాగుండి, గర్భం ఆలోచన లేకపోతే మెథోట్రెక్సేట్‌తోనే మొదలుపెట్టాలి. 1988లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది, ఇప్పటికీ ప్రపంచమంతా డాక్టర్లు మొదట రాసేది ఇదే. తక్కువ మోతాదులో ఇది కణాల చుట్టూ అడినోసిన్‌ను పెంచుతుంది. అడినోసిన్ మంట పెట్టే కణాలను చల్లబరుస్తుంది, దాంతో కబుర్లు పుట్టే చోటే తగ్గుతాయి. ఖర్చు కూడా మామూలు కుటుంబం మోయగలిగిందే.

"క్యాన్సర్ మందంట కదా?" అని చీటీ వెనక్కిచ్చేసి వెళ్లిపోయినవాళ్లున్నారు. క్యాన్సర్‌లో వాడే మోతాదు ఇక్కడి మోతాదుకు ఎన్నో రెట్లు. ఇక్కడ వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు, అంతే. వారానికి ఒక్కసారి అన్నది ఎంత గట్టిగా చెప్పినా చాలదు. రోజూ మింగితే ఎముక మూలుగ దెబ్బతింటుంది, నోరంతా పుండ్లు పడతాయి, ప్రాణం పోవచ్చు. నేను స్ట్రిప్ మీద స్కెచ్ పెన్నుతో "మంగళవారం మాత్రమే" అని రాసి ఇస్తాను. మీ షాపతను రాయకపోతే మీరే రాయించుకోండి. 2.5, 5, 7.5, 10 మిల్లీగ్రాముల మాత్రలు వేర్వేరుగా వస్తాయి, కాబట్టి స్ట్రిప్ మారిన ప్రతిసారీ అంకె చదవండి. మిగతా రోజుల్లో డాక్టరు చెప్పినట్టు ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే నోటి పుండ్లు, వికారం తగ్గుతాయి.

ఇది పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మూడో వారంలో "పవరు లేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తకణాలు, కాలేయం, క్రియాటినిన్ చూపించుకోవాలి. సారా, బ్రాందీ తాగే అలవాటుంటే ఈ మాత్రకు అది పడదు. ఇంకో జాగ్రత్త: మూత్రంలో మంటకో, విరేచనాలకో కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయోటిక్ రాసే డాక్టరుకు మెథోట్రెక్సేట్ వాడుతున్నానని తప్పకుండా చెప్పాలి. ఆ రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

15 మిల్లీగ్రాములు దాటాక కడుపులో తిప్పుతుంటే, లేదా మాత్ర చాలినంత పని చేయకపోతే అదే మందు చర్మం కింద వేసుకునే ఇంజెక్షన్‌గా దొరుకుతుంది. ఖరీదైన మందుకు పోయేముందు ఈ మెట్టు ఎక్కి చూశారా అని డాక్టరును అడగండి. దీన్ని దాటేసి వేలకు వేలు ఖర్చుపెట్టినవాళ్లు నాకు తెలుసు.

చాలకపోతే: మూడు దారులు

మూడు నుంచి ఆరు నెలలు సరైన మోతాదులో వాడినా వాపు ఆరకపోతే అక్కడ అసలు ఎంపిక మొదలవుతుంది. వదినకు 20 మిల్లీగ్రాముల దగ్గర నొప్పి సగమైంది. మణికట్టు, ఐదారు వేళ్ల కణుపులు మాత్రం ఇంకా వాచే ఉన్నాయి. డాక్టరు మూడు దారులు చెప్పి "ఇంట్లో మాట్లాడుకొని రండి" అన్నాడు. ఆ రాత్రి షాపు మూశాక అన్న, వదిన, నేను ముగ్గురం కూర్చున్నాం.

మొదటి దారి, మెథోట్రెక్సేట్‌కు సల్ఫాసలజిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కలపడం. మూడూ పాత మందులే, మూడూ మాత్రలే. పాతవి కదా అని చులకనగా చూడొద్దు. 2013లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. మెథోట్రెక్సేట్ చాలని 353 మందిలో సగం మందికి ఈ మూడు మాత్రల కూటమి, సగం మందికి మెథోట్రెక్సేట్‌తో ఎటనర్‌సెప్ట్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆరు నెలలకు గుణం కనిపించనివాళ్లను, ఏ గుంపులో ఉన్నా, రెండో గుంపు మందుకు మార్చారు. ఏడాది దగ్గరపడేసరికి రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంజెక్షన్ కొనలేమని కుమిలిపోయే ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలియాలి. అయితే ఇబ్బందులూ ఉన్నాయి. రోజుకు మింగాల్సిన మాత్రలు చాలా. సల్ఫాసలజిన్‌తో మొదట్లో కడుపులో తిప్పుతుంది, మూత్రం నారింజ రంగులో వస్తుంది, సల్ఫా పడనివాళ్లకు ఇది అసలే వద్దు. హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదట్లో ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా కంటి రెటీనా పరీక్ష చేయించాలి. 2020లో కరోనాకు పనిచేస్తుందన్న పుకారుతో జనం ఈ మాత్రల మీద ఎగబడ్డారు. ఏళ్లుగా వాడే రోగులకు ఒక్క స్ట్రిప్ ఇవ్వలేక చేతులెత్తేసిన రోజులు నేను మర్చిపోలేదు.

రెండో దారి, ఒక్క కబురును పట్టుకొని ఆపే బయోలాజిక్ ఇంజెక్షన్లు. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ బృందం రోగుల కీళ్ల పొరనుంచి తీసిన కణాలను పరీక్షించి ఒక సంగతి గమనించింది: టీఎన్‌ఎఫ్ ఒక్కదాన్ని ఆపితే ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి మిగతావీ తగ్గుతున్నాయి. అంటే ఈ గుంపులో టీఎన్‌ఎఫ్ మాట నడుస్తోందన్నమాట. 1992లో మొదటిసారి రోగులకు ఆ మందు ఇచ్చారు. ఎటనర్‌సెప్ట్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ ఆ కోవలోవే. ఇంటర్‌ల్యూకిన్-6 కణానికి వచ్చి తగులుకునే గొళ్లెం దగ్గరే అడ్డుపడేది టోసిలిజుమాబ్, దాని వెనక జపాన్ శాస్త్రవేత్త తదమిత్సు కిషిమోటో పరిశోధన ఉంది. యాంటీబాడీల తయారీకి మూలమైన బి కణాలను తగ్గించేది రిటుక్సిమాబ్, రెండు వారాల తేడాతో రెండు డోసులు ఎక్కించి నెలల తరబడి ఆగుతారు.

ఇవి ఎముక కోతను ఆపడంలో చాలా గట్టివి, మెథోట్రెక్సేట్ కంటే తొందరగా, కొన్ని వారాల్లోనే గుణం చూపిస్తాయి. ధర మాత్రం నెలకు వేలల్లో. మన దేశపు కంపెనీలు అసలు మందును పోలిన బయోసిమిలర్లు తెచ్చాక బాగా తగ్గింది. అడాలిముమాబ్‌కు ప్రపంచంలో మొదటి బయోసిమిలర్ 2014లో ఇక్కడే, జైడస్ కంపెనీ నుంచి వచ్చింది. ఆరు నెలలకు డబ్బు సర్దగలమా అని లెక్క వేసుకోకుండా మొదటి సూది వేయించుకోకండి. రెండు డోసులు వేసి నాలుగు నెలలు ఆపి మళ్లీ మొదలుపెడితే జబ్బు తిరగబెడుతుంది, కొందరి ఒంట్లో మందును అడ్డుకునే యాంటీబాడీలు కూడా పుడతాయి.

డబ్బు ఉన్నా ముందు చూడాల్సింది టీబీ. మన దేశంలో చాలామంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. దాని చుట్టూ గోడ కట్టి ఉంచేది ఈ టీఎన్‌ఎఫే. టీఎన్‌ఎఫ్‌ను ఆపితే గోడ సడలి టీబీ లేస్తుంది. అందుకే నిద్రపోతున్న టీబీని పట్టే మాంటూ (చర్మం మీద) లేదా ఇగ్రా (రక్తంతో) పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి, సి పరీక్షలు లేకుండా సూది వేస్తామంటే ఒప్పుకోకండి. పాజిటివ్ వస్తే ముందు టీబీ నివారణ మందు మొదలుపెట్టి, కనీసం నెల గడిచాక సూది మొదలుపెడతారు. ఆ మందు సర్కారు టీబీ కార్యక్రమంలో ఉచితంగా ఇస్తారు. టీబీ భయం ఎక్కువున్న చోట డాక్టర్లు అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ కంటే ఎటనర్‌సెప్ట్ వైపు, లేదా రిటుక్సిమాబ్ వైపు మొగ్గుతారు. టోసిలిజుమాబ్ వాడేవాళ్లకు ఇంకో మాట. అది సీఆర్‌పీని ఎలాగూ పడగొడుతుంది. న్యుమోనియా వచ్చినా రిపోర్టు నార్మల్‌గా కనిపించవచ్చు. రిపోర్టు చూసి కాదు, ఒంట్లో ఎలా ఉందో చూసి ఆస్పత్రికి పోవాలి.

ఈ సూదులు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టకూడదు. ఫ్రీజరుకు ఆనించి పెట్టకండి, ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకండి. మే నెలలో కర్నూలు ఎండ, కరెంటు కోతలు తెలిసినవే. హైదరాబాదులో చవగ్గా వస్తుందని కొని బస్సులో సంచిలో పెట్టుకొని తెచ్చిన సూదికి పెట్టిన డబ్బు వృథా. ఐస్ ప్యాకులున్న డబ్బాలో, ఐసుకు నేరుగా తగలకుండా తెచ్చుకోండి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే షాపులోనే ఉంచి, వేసుకునే రోజు తీసుకెళ్లండి.

మూడో దారి టోఫాసిటినిబ్, బారిసిటినిబ్ మాత్రలు. కబురు వచ్చి కణం తలుపు తట్టాక దాన్ని లోపలికి మోసుకెళ్లేది జాక్ అనే ఎంజైము. ఈ మాత్రలు ఆ మోతనే ఆపుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ఫెరాన్ లాంటి కబుర్లు జాక్ దారినే పోతాయి కాబట్టి ఒక్క మాత్రతో చాలా గొంతులు తగ్గుతాయి. టోఫాసిటినిబ్‌కు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు మన దేశంలో చాలా కంపెనీలు జనరిక్‌గా చేస్తున్నాయి, ధర బయోలాజిక్ కంటే బాగా తక్కువ. ఫ్రిజ్ అక్కర్లేదు, సూది అక్కర్లేదు, పూటకు ఒక 5 మిల్లీగ్రాముల మాత్ర చొప్పున రోజుకు రెండు. ఈ సౌకర్యం చూసి ఈమధ్య చీటీల్లో ఇది బాగా పెరిగింది.

నాకు ఇక్కడే కాస్త భయం. యాభై దాటి, గుండెజబ్బు ముప్పు కూడా ఉన్నవాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనంలో టీఎన్‌ఎఫ్ సూదులతో పోలిస్తే ఈ మాత్రతో గుండెపోటు, క్యాన్సర్ ఎక్కువగా కనిపించాయి. రక్తం గడ్డలు కూడా. 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ దీని మీద పెద్ద హెచ్చరిక వేయించింది. బీడీ, సిగరెట్ తాగే అరవయ్యేళ్ల ఆయనకు ఇది మొదటి ఎంపికగా రాస్తే మరోసారి డాక్టరును అడగమని నేనే చెబుతాను. సర్పి వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. టీబీ పరీక్ష దీనికీ తప్పదు. "మాత్రే కదా" అని మానేసేవాళ్లున్నారు.

లెఫ్లునోమైడ్‌ను మర్చిపోలేదు. మెథోట్రెక్సేట్ పడనివాళ్లకు అదొక ఆసరా, చవక. విరేచనాలు, బీపీ, కాలేయం చూసుకోవాలి.

కొందరికి లెక్క మారుతుంది

పెళ్లి కావాల్సిన ఆడపిల్ల, పిల్లల కోసం చూస్తున్న కోడలు ఇంట్లో ఉంటే చీటీ రాసేముందే డాక్టరుకు చెప్పాలి. అత్తగారి ముందు చెప్పడానికి మొహమాటపడి మెథోట్రెక్సేట్‌తోనే గర్భం దాల్చినవాళ్లున్నారు. ఆ మందు, లెఫ్లునోమైడ్ రెండూ కడుపులో బిడ్డకు హాని. మెథోట్రెక్సేట్ ముందే ఆపి, డాక్టరు చెప్పిన గడువు ఆగాలి. ఆ గడువు మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు. లెఫ్లునోమైడ్ ఒంట్లో చాలాకాలం ఉండిపోతుంది, దాన్ని కడిగేయడానికి వేరే మందు ఇస్తారు. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజిన్ గర్భంలోనూ వాడుకోవచ్చు. మగవాళ్లకు సల్ఫాసలజిన్ వీర్యకణాలను తాత్కాలికంగా తగ్గిస్తుంది, ఆపితే సర్దుకుంటుంది.

తిండి గురించి అడుగుతారు. వంకాయ, టమోటా, పప్పు మానమని నేను చెప్పను. బీడీ, సిగరెట్ మానమని మాత్రం బతిమాలుతాను. పొగ ఈ జబ్బు రావడానికీ కారణమవుతుంది, వచ్చాక మెథోట్రెక్సేట్ గుణాన్నీ తగ్గిస్తుంది.

డాక్టరు ఎంపిక కూడా ఎంపికే. రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం నిపుణుడు, మన జిల్లాల్లో తక్కువ. హైదరాబాదు నిమ్స్‌లో, వేలూరు సీఎంసీలో ఆ విభాగాలున్నాయి, బెంగళూరు అనంతపురానికి దగ్గరే. అక్కడ అపాయింట్‌మెంట్ దొరికేదాకా చేతులు కట్టుకొని కూర్చోకండి. వాపు మొదలైన మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మందు పడితే కీలు దక్కే అవకాశం ఎక్కువ. కర్నూలు పెద్దాసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో, అనంతపురం సర్వజన ఆస్పత్రిలోనో జనరల్ మెడిసిన్ డాక్టరు మెథోట్రెక్సేట్ మొదలుపెట్టగలరు. పెద్ద ఊరి నిపుణుడికి మూడు నాలుగు నెలలకోసారి చూపించుకుంటే చాలు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుంటే ఫలానా మందుకు వర్తిస్తుందా అని ఆస్పత్రిలో ఆ పథకం చూసే మనిషిని మందు పేరుతో సహా అడగండి. పోయిన ప్రతిసారీ డాక్టరు చేత 28 కీళ్లు నొక్కించి, ఎన్ని వాచాయో కాగితం మీద రాయించుకోండి. ఆ అంకె దిగుతోందా లేదా అన్నదాన్ని బట్టే మందు మార్చాలి. "కాస్త పర్వాలేదు" అన్న మాట మీద మందును ఏళ్ల తరబడి అలాగే వదిలేయడం వల్ల పోయిన కీళ్లు చాలా.

వదిన ఏ దారి తీసుకుందంటే

ఆ రాత్రి మేం వేసుకున్న లెక్కలు ఇవి. వదిన వాళ్ల నాయనకు టీబీ వచ్చి తగ్గింది, వదినకు ఇగ్రా పాజిటివ్. మగ్గం కూలి మీద బతికే ఇల్లు, నెలనెలా వేలు కట్టడం కుదరదు. వయసు నలభై ఆరు, పొడి పుణ్యాన షుగరు, బీపీ ఉన్నాయి. సల్ఫా ఎప్పుడూ వికటించలేదు. టోఫాసిటినిబ్ సులువే కానీ ఆ షుగరు, బీపీ మీద నాకు మనసొప్పలేదు. సూది వేయాలంటే ముందు టీబీ మందు పడాలి.

"ఇన్ని మాత్రలు మింగాలంటే కడుపు నిండిపోతుంది కదప్పా," అంది వదిన.

"ఆరు నెలలు చూద్దాం వదినా. తగ్గకపోతే సూదికి నేను, అన్న కలిసి సర్దుతాం," అన్నాను.

మూడు మాత్రల దారి పట్టింది. డాక్టరు సలహాతో టీబీ నివారణ మందు కూడా అప్పుడే మొదలుపెట్టారు. రేపు సూది అవసరమైతే ఆ నెల వృథా కాకూడదని. టీబీ మందు కాలేయం మీద భారం కాబట్టి ఆ కోర్సు ఉన్నన్నాళ్లూ రక్తపరీక్ష నెలకోసారి చేశారు. మొదటి నెలన్నర వికారంతో నానా యాతన పడింది, సల్ఫాసలజిన్ ఒక్కో మాత్ర చొప్పున మెల్లగా పెంచారు. మొదలుపెట్టిన రోజు వాచిన కీళ్లు తొమ్మిది. మూడో నెలకు నాలుగు. ఆరో నెలకు ఒకటి, కుడి మణికట్టు. అప్పటికి ప్రెడ్నిసోలోన్ పూర్తిగా ఆగిపోయింది, షుగరు మాత్ర సగమైంది.

వంకర తిరిగిన కుడిచేతి చూపుడువేలు అలాగే ఉంది, అది ఇక సాఫు కాదని డాక్టరు ముందే చెప్పాడు. వదిన ఆ చేత్తోనే మగ్గం నేసే పద్ధతి ఒకటి కనిపెట్టుకుంది. నోటుబుక్‌లో ప్రతి మంగళవారం మెథోట్రెక్సేట్ వేసుకున్నట్టు గీత గీస్తుంది, పక్కన ఎన్ని కీళ్లు వాచాయో అంకె రాస్తుంది. పోయిన మంగళవారం అంకె ఒకటి. మణికట్టు వచ్చే నెలకు కూడా ఆరకపోతే మెథోట్రెక్సేట్‌ను ఇంజెక్షన్‌గా మార్చి చూస్తామన్నారు. ఎటనర్‌సెప్ట్ ఆ తర్వాతి మాట.